కర్ర గుండీ కోటు

"ఆ అబ్బాయి పేరు ఫైల్లో పెడితే పెట్టుకోండి. రేపు విమానం దిగాక మీ పిల్ల సూట్‌కేసు ఎవరు మోస్తారో మాత్రం నన్నడగొద్దు," అంది హీరాదేవి వెల్లుల్లి రెబ్బలు ఒలుస్తూ.

తగువు పొద్దున టీతో మొదలైంది. గ్లాసులు కడిగి బోర్లించినా అది మాత్రం తెమలలేదు. హీరాదేవి, చదువుకు ఆస్ట్రేలియా వెళ్లబోతున్న జూనెలికి మేనత్త. నేపాల్లోని పటన్‌లో వాళ్ల ఇంటికి ఎదురుగా, అదే వాకిలి అవతల ఆవిడ ఇల్లు. పుట్టింటి వ్యవహారాలు చాలావరకు ఆవిడకు కిటికీలోంచే కనిపిస్తాయి. కనిపించనివి వచ్చి కనుక్కుంటుంది.

జూనెలి తల్లి వాదన వేరు. పెళ్లికాని పిల్లను ఆస్ట్రేలియాకి ఒంటరిగా ఎలా పంపుతాం, ఎలాగూ ఆ దీపెన్ చేసుకుంటానంటున్నాడు, చేసుకుని డిపెండెంట్‌గా వెంట వెళితే ఇద్దరూ ఒకచోట వండుకు తింటారు కదా అని ఆవిడ అంటోంది. అలా అంటూనే తనూ తడబడింది.

"అయినా వదినా, ఆఫర్ లెటర్ వచ్చిన వారంలోనే వచ్చి అడిగాడు. అది మాత్రం నాకూ గొంతులో ముల్లులా ఉంది."

"అదేనమ్మా నేను పొద్దుట్నుంచీ మొత్తుకుంటున్నది."

నాన్న కొయ్య చెక్కే పనివాడు. కింది అంతస్తులో ఆయన దుకాణం. కిటికీ చట్రాల మీద నెమళ్లు చెక్కే చేత్తో అటుకులు కలుపుకుంటూ, "పిల్లని అడగండి," అని ఒక్క మాట అని ఊరుకున్నాడు. కిటికీ దగ్గర ఎండలో కూర్చున్న నానమ్మకు ఇవేవీ వినబడలేదు. నానమ్మకు చెముడు ఉంది. అది ఆవిడ చెప్పినట్టు వింటుంది.

ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ నుంచి వచ్చి మెట్ల మీద కూర్చుని తల దువ్వుకుంటున్న జూనెలికి మాత్రం అన్నీ వినబడ్డాయి. అత్త అనుమానం ఊరికే పుట్టింది కాదని ఆమెకు తెలుసు. అత్త కూతురు రంజు నాలుగేళ్ల కిందట చదువుకోవడానికి సిడ్నీ వెళ్లింది. మొగుడు ఆమె వీసా ఫైల్లో చేరి వెంట వెళ్లాడు. ఏడాది తిరగకుండానే అతను వేరే ఊళ్లో పని దొరికిందని వెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు. వాళ్ల నేవార్ కుటుంబాల్లో పెళ్లికూతురు పుట్టిల్లు విడిచేటప్పుడు ఇంట్లో అందరి చేతుల్లోనూ పదేసి వక్కలు పెడుతుంది. రంజు పెట్టిన వక్కలు అత్త పెట్టెలో ఇంకా అలాగే ఉన్నాయి. ఆ తర్వాత ఆవిడ పాలవాడినీ, మున్సిపాలిటీ వార్డు ఆఫీసు గుమాస్తానీ, చివరికి రేడియోలో వాన కబురు చెప్పేవాళ్లనూ నమ్మడం మానేసింది.

ఊరు కూడా అలాగే ఉంది. ఇంగ్లీషు పరీక్ష గట్టెక్కిన అమ్మాయికి, గట్టెక్కని అబ్బాయిల ఇళ్ల నుంచి సంబంధాలు వెతుక్కుంటూ వస్తున్నాయి. జూనెలికి కూడా వచ్చాయి. వాళ్లు ఆమె వంట గురించీ వయసు గురించీ అడగలేదు. ఏ కాలేజీ, ఏ నెల ప్రవేశం అని అడిగారు.

దీపెన్ అలాంటివాడు కాడనుకుంది ఆమె. ఇప్పుడు ఆ మాట తనకు తాను చెప్పుకోవడానికి కూడా ధైర్యం చాలడం లేదు.

*

అతనితో పరిచయమే అనుమానంతో మొదలైంది.

కిందటేడు ఇంగ్లీషు పరీక్షకు తయారుచేసే క్లాసులో చేరిన మొదటిరోజు పెద్ద వాన. క్లాసయ్యాక చూస్తే తలుపు పక్కన పెట్టిన ఆమె గొడుగు లేదు. ఇంటికి చేరేసరికి జడలోంచి కూడా నీళ్లు కారాయి. మర్నాడు మాట్లాడే పాఠంలో ఆమెకు ఎదురుగా కూర్చున్న పొడుగాటి మనిషి నల్ల గొడుగొకటి బల్ల మీద పెట్టి, "నిన్న పొరపాటున మీది పట్టుకుపోయాను. క్షమించండి," అన్నాడు.

"ఇది నాది కాదు. నా గొడుగుకి ఒక పుల్ల విరిగి ఉంటుంది. ఇది కొత్తది."

"కొత్తదైతే మంచిదే కదా."

"పాతది తీసుకుని కొత్తది ఇచ్చేవాళ్లని ఏమనుకోవాలి?"

సరిగ్గా అప్పుడే మాస్టారు చీటీలు పంచాడు. జూనెలికి వచ్చిన చీటీలో 'మీకు నమ్మకం కలగని ఒక మనిషిని వర్ణించండి' అని ఉంది. ఆమె ఎదుటి మనిషి మొహంలోకి చూస్తూ, వచ్చిన ఇంగ్లీషంతా వాడి వర్ణించింది. పొడుగ్గా ఉంటాడు, గొడుగులు మారుస్తాడు, నవ్వకూడని చోట నవ్వుతాడు. క్లాసంతా నవ్వింది. అతను అన్నీ విని, "వ్యాకరణం బాగుంది," అన్నాడు.

దీపెన్ రాయ్‌ది తూర్పున ధరాన్ ఊరు. ఊరి బయట లుభూ బడిలో సైన్సు చెబుతాడు, పటన్‌లో గది తీసుకుని ఉంటాడు. ఆ తర్వాత ఆ ఇద్దరూ జంటగా అభ్యాసం చేశారు. సెలవురోజుల్లో జూనెలి ఇంటి డాబా మీద కూర్చునేవారు. నానమ్మ పక్కనే సోయా గింజలు ఏరుకుంటూ ఉండేది. జూనెలి పరీక్ష పాసయింది. అతను పాసవలేదని క్లాసులో అనుకున్నారు. రెండో బ్యాచ్‌లో కూడా అదే బెంచీలో కూర్చున్నాడు.

పరీక్షయ్యాక వీసా ఇంటర్వ్యూ అభ్యాసం మొదలైంది. దీపెన్ ఆఫీసరు, ఆమె విద్యార్థిని.

"చదువయ్యాక ఏం చేస్తారు?"

"నా దేశానికి తిరిగి వస్తాను సార్. నా కుటుంబం ఇక్కడే ఉంది."

"నమ్మకం కలగడం లేదు. మళ్లీ చెప్పండి."

ఎన్నిసార్లు చెప్పినా అతను అదే అనేవాడు. ఆమె విసుక్కుని కొంగుతో కొట్టేది. విదేశీ చదువులకు పంపే కన్సల్టెన్సీలో అందరికీ నేర్పిన సమాధానమే అది. అది అప్పజెప్పి బయటికి వచ్చాక విద్యార్థులంతా, అక్కడ శాశ్వతంగా ఉండిపోవడానికి ఎన్నేళ్లు పడుతుందని ఒకరినొకరు అడిగేవారు. జూనెలి కూడా అడిగింది.

ఆఫర్ లెటర్ వచ్చిన వారంలో, నాన్నతో బంధుత్వం రుజువు చేసే కాగితం కోసం ఆమె వార్డు ఆఫీసులో వరసలో నిలబడితే, దీపెన్ తోడు వచ్చాడు. గుమాస్తా భోజనానికి లేచిపోయాడు. వరసంతా గోడవారకి జారి కూర్చుంది. అప్పుడు అతను చెప్పులవంక చూసుకుంటూ, "మనం పెళ్లి చేసుకుంటే ఎలా ఉంటుంది?" అన్నాడు.

"ఇక్కడ అడిగే మాటేనా ఇది?"

"ఇక్కడైతే కాగితం చేతికొచ్చేదాకా మీరు లేచి వెళ్లలేరు కదా."

ఆమెకు నవ్వొచ్చింది. ఇంట్లో చెబుతానంది. ఆ రాత్రి డ్యూటీలో ప్రతి రోగినీ రెండుసార్లు పలకరించింది.

*

ఆ సంతోషం మంగళ్‌బజార్ ఫోటో స్టూడియోలో పోయింది.

వీసా ఫోటో తీయించుకోవడానికి వెళితే, స్టూడియో ఆయన ఆమె గడ్డం ఎత్తించి, "ఏ దేశం సైజు? ఆస్ట్రేలియానా? మీతో వచ్చే రాయ్ మాస్టారు కూడా అదే సైజు తీయించుకున్నాడు. ఒక కాపీ ఇక్కడే మరిచిపోయాడు, ఇవ్వండి," అన్నాడు.

"ఎప్పుడు?"

"మొన్న పదోతేదీనో ఏమో. కరెంటు పోయి రెండుసార్లు రావలసి వచ్చింది పాపం."

అది ఆఫర్ లెటర్ వచ్చిన మర్నాడు. వార్డు ఆఫీసులో అడగడానికి ముందు.

ఆమె ఫోటో చేతిలోకి తీసుకుంది. తెల్లటి నేపథ్యం. నవ్వకుండా నిలబడ్డ దీపెన్. నల్ల కోటు, భుజాల దగ్గర వదులు, మెడ దగ్గర ఏదో గోధుమరంగు గుండీ. కోటు కూడా ఎవరిదో ఎరువు తెచ్చుకున్నాడు అనుకుంది. ముందు ఫోటో, తర్వాత ప్రేమ. రంజు మొగుడు కూడా ఇలాగే ముందు కొలతలు ఇచ్చుకుని ఉంటాడు.

మర్నాడు డాబా మీదికి పిలిచింది. ఈసారి ఆమె ఆఫీసరు.

"ఈ ఫోటో ఎందుకు తీయించుకున్నారు?"

అతను ఫోటో చూసి, ఆమెను చూసి, పక్కన సోయా గింజలు ఏరుతున్న నానమ్మను చూశాడు. నానమ్మ తల ఎత్తలేదు.

"కావలసి ఉంటుందేమోనని," అన్నాడు.

"నన్ను అడగకముందే?"

"అడగకముందే."

"కారణం?"

"చెప్పలేను."

ఆమె అంతసేపూ బిగబట్టుకున్న మాట అప్పుడు బయటికొచ్చింది. "మా అత్త అంటున్నది నిజమేనన్నమాట. మీకు కావలసింది నా ఫైలు."

అతను కోపం తెచ్చుకోలేదు. కాసేపు గోడ మీద ఎండబెట్టిన మిరపకాయల్ని సర్దాడు. తర్వాత, "అయితే నా పేరు పెట్టకండి. ఒక్కరే దరఖాస్తు చేసుకోండి. పెళ్లి మాట మాత్రం వెనక్కి తీసుకోను," అని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

ఈ సంగతి వినగానే తల్లి మెత్తబడింది. పేరు వద్దన్నవాడికి ఫైలు మీద ఆశ ఎక్కడిది అంది. హీరాదేవి మాత్రం మెత్తబడలేదు. ఆవిడ కళ్లు ఇంకా చిన్నవయ్యాయి.

"అంత తొందరగా వద్దన్నాడా? అయితే వాడికి ఇక్కడే ఎవరో ఉన్నారు. నువ్వు విమానం ఎక్కు, తర్వాత చూద్దువుగాని."

వెళ్తానన్నా అనుమానమే, ఉంటానన్నా అనుమానమే. జూనెలి ఆ రోజు అన్నం ముందు నుంచి లేచిపోయింది.

*

వానలు తగ్గుముఖం పట్టాయి. దసరా ముందు ఇల్లు దులిపి, పెట్టెల్లో బట్టలు ఎండకు వేయడం వాళ్ల ఇంట్లో ఏటా ఉన్నదే. నానమ్మ పెట్టె ఖాళీ చేయడం ఎప్పుడూ జూనెలి పని. కర్పూరం బిళ్లల వాసన మధ్య ఎర్రంచు నల్లచీరలు, తాత టోపీ, అడుగున తాత కోటు.

కోటు విదిలించి తాడు మీద వేసింది. ఎండ పడేసరికి మెడ దగ్గర ఏదో మెరిసింది. తాత బతికుండగా మెడ గుండీ ఊడిపోతే, నాన్న కొయ్యతో ఒక గుండీ చెక్కి కుట్టించాడు. దాని మీద చిన్న తామరపువ్వు.

ఫోటోలో దీపెన్ మెడ దగ్గర కనిపించిన గోధుమరంగు గుండీ అదే. జూనెలి జేబులో చెయ్యి పెట్టింది. స్టూడియోవాళ్లు ఇచ్చే చిన్న దువ్వెన వేళ్లకు తగిలింది.

కిందికి వెళ్లి నానమ్మ ఎదురుగా కూర్చుని కోటు ఒళ్లో పెట్టింది. నానమ్మ కోటునీ మనవరాలినీ చూసి, చెముడు పక్కన పెట్టింది.

"ఫోటోకి నేనే వెళ్లమన్నాను. చొక్కాతో దిగితే ఎవరు మర్యాద ఇస్తారని మీ తాత కోటు నేనే తొడిగాను. కరెంటు పోతే రెండోరోజు నేనూ వెంట వెళ్లి బయట అరుగు మీద కూర్చున్నాను."

"ఎందుకు నానమ్మా?"

"నువ్వు ఆఫర్ లెటరు వచ్చిన రాత్రి నా పక్కలో పడుకుని ఏడవలేదూ? అక్కడ ఒక్కదాన్నే వండుకుని ఒక్కదాన్నే తినాలి అన్నావు. నిద్రపోయాననుకున్నావు. పొద్దున్నే వాడిని పిలిపించి, నువ్వు దాన్ని చూసే చూపు నాకు తెలుసు, ఈ ఇంట్లో మాటలు ఎవరూ నమ్మరు, పెళ్లి అడగబోయే ముందు వెంట వెళ్లడానికి ఫోటోతో సహా సిద్ధంగా ఉండు అన్నాను. నా పేరు చెప్పనని ఒట్టు కూడా వేయించుకున్నాను."

"వాళ్లంతా అన్ని మాటలంటుంటే ఊరుకున్నావేం?"

"మాటలు పడినా వాడు ఒట్టు తప్పుతాడా లేదా అని చూశాను," అంది నానమ్మ. ఆవిడ కూడా హీరాదేవి తల్లే కదా.

*

లుభూ బస్సు దిగేసరికి, పోయిందనుకున్న వాన మళ్లీ ఒక జల్లు పట్టుకుంది. బడి వదిలారు. వసారాలో నిలబడి ఉన్న దీపెన్ ఆమెను చూసి గొడుగు విప్పి ఎదురొచ్చాడు. గొడుగుకి ఒక పుల్ల విరిగి, ఆ మూల వేలాడుతోంది.

జూనెలి ఆ మూలనే చూస్తూ, "నా గొడుగు," అంది.

"రోజూ తిరిగి ఇద్దామనే అనుకుంటాను."

"నానమ్మ చెప్పేసింది."

"ఒట్టు నాకు వేయించి తను చెప్పేసిందా?"

ఇద్దరూ వసారాలో బల్ల మీద కూర్చున్నారు. ఆమె మొదట క్షమించమని అడిగింది. అతను తల ఊపాడు. తర్వాత ఆమె అడగవలసింది అడిగింది.

"మీకు రావాలని ఉందా?"

"ఆఫీసరుగారికి చెప్పేది చెప్పనా, నిజం చెప్పనా?"

"నిజం."

"లేదు. నాకు ఈ బడి బాగుంటుంది. కానీ మీరు ఒక్కరే తింటారని నానమ్మ అన్నాక, రానని అనలేకపోయాను."

"మరి ఇంగ్లీషు క్లాసుకి ఎందుకు వచ్చారు?"

అమ్మ పోరు పడలేక చేరానన్నాడు. పరీక్ష తప్పలేదట, అసలు రాయనే లేదట.

"రాయనివాళ్లు రెండో బ్యాచ్ కూడా కూర్చుంటారా?"

"గొడుగు ఇవ్వాలి కదా," అన్నాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి. జూనెలి వానవైపు తిరిగి నవ్వు దాచుకుంది.

అతను గొడుగు ముడిచి పక్కన పెట్టాడు. "ఇన్నాళ్లూ మీ ఇంట్లో అందరూ నన్ను అనుమానించారు. అది న్యాయమే. నాకూ ఒక్క అనుమానం ఉంది. అడగనా?"

"అడగండి."

"తిరిగి వస్తావా?"

మొదటిసారి అతను ఆమెను 'నువ్వు' అన్నాడు. జూనెలి నోరు తెరిచింది. నా దేశానికి తిరిగి వస్తాను, నా కుటుంబం ఇక్కడే ఉంది అన్న సమాధానం నాలుక చివరికి వచ్చేసింది. అక్కడే ఆగిపోయింది. ఇన్నాళ్లూ ఆ మాట ఆమె అతని ఎదుట కూర్చుని ఒక్కసారి కూడా నిజంగా అనలేదు. నమ్మకం కలగడం లేదని అతను ఎప్పుడూ ఆటకు అనలేదని ఇప్పుడు తెలిసింది. అనుమానించవలసిన మనిషి తనేనని ఇంట్లో ఒక్కరూ ఆలోచించలేదు. అత్త కూడా.

అతను మళ్లీ అడగలేదు. బస్సు వచ్చేదాకా విరిగిన మూల తనవైపు ఉండేట్టు పట్టుకుని తడిశాడు.

బస్సు ఎక్కుతూ, "శనివారం భోజనానికి రండి. కోటు అక్కర్లేదు," అంది జూనెలి.

*

శనివారం అందరూ గడ్డి చాప మీద వరసగా కూర్చున్నారు. ముందు నానమ్మ, తర్వాత హీరాదేవి, నాన్న, అమ్మ. చివర దీపెన్. తనను పిలిచినందుకు అతను భయపడుతున్నట్టే ఉన్నాడు. అటుకులు, కాల్చిన గేదె మాంసం, నల్ల సోయా, అల్లం. నానమ్మ ఇంట్లో కాచిన సారా చిన్న గిన్నెల్లోకి ధారగా పోసింది. తన కోటు మహిమ గురించి ఆవిడ అప్పటికే అందరికీ చెప్పేసింది. తల్లి దీపెన్‌కి మాంసం రెండుసార్లు వడ్డించింది. హీరాదేవి ఒక్కతే అతన్ని పరీక్షగా చూస్తోంది.

చేతులు కడుక్కున్నాక జూనెలి లోపలికి వెళ్లి ఇత్తడి పళ్లెం తెచ్చింది. నానమ్మ ముందు మోకాళ్ల మీద కూర్చుని, పెళ్లిరోజుదాకా ఆగకుండా ఆవిడ రెండు చేతుల్లో పది వక్కలు పెట్టింది. తర్వాత అత్త చేతుల్లో. తర్వాత నాన్నకు, అమ్మకు. అమ్మ వాటిని కళ్లకద్దుకుంది. దీపెన్ ఏం చేయాలో తెలియక తనూ దోసిలి పట్టాడు.

నానమ్మ అతని చేతి మీద ఒక్కటి వేసింది. "నీక్కాదురా. నువ్వు తీసుకుపోయేవాడివి."

జూనెలి పళ్లెం కింద పెట్టింది. గొంతు పెంచకుండా, నేలవైపు చూస్తూ చెప్పింది.

"మార్గశిరంలో పెళ్లి చేసుకుంటాను. ఫైలు ఆ తర్వాత వేస్తాను. అందులో పెళ్లయిందని రాస్తాను, ఆయన వెంట రావడం లేదని కూడా రాస్తాను. అక్కడ ఒక్కదాన్నే వండుకుంటాను, నేర్చుకుంటాను. చదువవగానే తిరిగొస్తాను. ఇది ఆఫీసరుకి చెప్పే మాట కాదు."

దీపెన్ తల దించుకున్నాడు. ఈసారి నమ్మకం కలగడం లేదని అనలేదు.

నాన్న తన చేతిలో వక్కల్ని బొటనవేలితో తడుముతూ, మంచిదేనన్నట్టు తల ఊపాడు. హీరాదేవి కనుబొమలు మాత్రం దగ్గరికొచ్చాయి.

"ఆగు. మొగుడు ఇక్కడ ఉంటే పిల్ల తిరిగొస్తుందని ఆ వీసావాళ్లు తేలిగ్గా నమ్ముతారంటారు. అంటే నువ్వు వీసా కోసం వీణ్ని చేసుకుంటున్నావా ఏమిటి?"

చాప చివర నుంచి దీపెన్ మెల్లగా అన్నాడు.

"నాకూ అదే అనుమానంగా ఉందండీ అత్తయ్యగారూ. మీరే కాస్త కనిపెట్టి చూడాలి."

మొదట నానమ్మ నవ్వింది. తర్వాత తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జూనెలి తలెత్తి అతన్ని చూసింది. అతను నవ్వకూడని చోట నవ్వుతున్నాడు.

హీరాదేవి నవ్వలేదు. చేతిలో వక్కలు ఒళ్లో పోసుకుని ఒక్కొక్కటీ పక్కకు పెడుతూ లెక్కపెట్టింది. మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టింది.

"పదీ ఉన్నాయి," అంది చివరికి. వాటిని శాలువా కొంగులో పోసి, ముడి వేసి, ముడి గట్టిగా ఉందో లేదో లాగి చూసుకుంది.